డాక్టరు పట్టుకున్న చెయ్యి

జూన్ పదకొండు. ఆ రోజు అతను తిన్నది నారింజ తొక్క తురిమి వేసిన చిన్న కేకు ముక్క. దాని మీద గోరంత తెల్ల గులాబి. అంత చిన్న గులాబికీ రేకులున్నాయి. వాటిలో ఒకటి నిజం పువ్వు రేకులాగే కాస్త వాలి ఉంది.

ఆ ముక్క ఊరికే రాలేదు. గొడవ పడితే వచ్చింది.

"మీ కళ్ళజోడుకి షుగరొచ్చిందండీ," అన్నాడతను భూతద్దంలోంచి చూస్తూ.

కౌంటరుకి అవతల నిలబడ్డ అమ్మాయి కళ్ళు చిట్లించింది. కళ్ళజోడు అతని చేతిలో ఉంది కాబట్టి చిట్లించక తప్పదు. కానీ అందులో కోపం పాలు కూడా ఉంది.

"కళ్ళజోడుకి షుగరేంటి?"

"కాడ మడిచే చోట పంచదార పొడి గడ్డకట్టింది. అద్దాల నిండా వెన్న. వీటితో మీరు చూస్తున్నారా, లేక అప్పుడప్పుడూ నాకుతున్నారా?"

"నేను కేకులు చేస్తాను. మీలా రోజంతా కుర్చీలో కూచుని గుడ్డముక్కతో తుడుచుకుంటూ ఉండను."

"మా షాపులో కొని ఉంటే కనీసం ఎలా కడగాలో చెప్పేవాళ్ళం."

"మీ షాపులో కొనలేదు కాబట్టే ఇన్నాళ్ళు వచ్చింది."

వెనక గదిలో అద్దాలు అరగదీస్తున్న అతని అక్క మిషను ఆపి మరీ నవ్వింది. తమ్ముడి నోరు మూయించేవాళ్ళు దొరకడం ఆవిడకి పండగే.

అతను సన్న బ్రష్షుతో పంచదార రాల్చాడు. మరలు బిగించాడు. ఇంత చిన్న పనికి ఏమీ తీసుకోనన్నాడు. ఆ అమ్మాయి వీధి దాటి, ఎదురుగా ఉన్న తన కేకుల దుకాణంలోకి వెళ్ళి, ఒక కాగితం పళ్ళెంతో తిరిగొచ్చింది.

"ఊరికే చేయించుకోవడం మాకలవాటు లేదు," అని పళ్ళెం కౌంటరు మీద పెట్టి వెళ్ళిపోయింది.

గులాబిని తినాలా, దాచుకోవాలా అని అతను చాలాసేపు ఆలోచించాడు. ఈలోగా అక్క వచ్చి సగం కొరికేసింది.

ఆ తర్వాత రోజూ సాయంత్రం నాలుగింటికి ఏదో ఒక ముక్క వీధి దాటేది. "కొత్త రకం. రుచి చూసి చెప్పండి," అనేది. అతను చెప్పేవాడు. "తీపి ఎక్కువైంది," అంటే, "మీ మాటలకి విరుగుడుగా వేశాను," అనేది. అలా కొన్నాళ్ళకి 'మీరు' కరిగి 'నువ్వు' అయింది. ఎవరు ముందు మొదలుపెట్టారో ఇద్దరికీ గుర్తులేదు. అక్కకి గుర్తుంది కానీ చెప్పదు.

వీధిలో అతన్ని కళ్ళజోళ్ళబ్బాయి అంటారు. ఆమెని కేకులమ్మాయి అంటారు. కేకుల దుకాణం వెనక ఉన్న రెండు గదుల్లో ఆమె, తల్లి ఉంటారు. తండ్రి పోయి మూడేళ్ళు. తల్లి కౌంటరు దగ్గర కూచుంటుంది. ఆవిడ వేళ్ళన్నీ గాలికి ఒరిగిన గడ్డిలా ఒక పక్కకి వాలి ఉంటాయి. కేకు పెట్టెని రెండు మణికట్ల మధ్య పట్టుకుని, చిన్నపిల్లని అందించినట్టు అందిస్తుంది. పెద్దతనం అనుకున్నాడతను. పెద్దతనానికి అంత తొందరెందుకని అడగాలని అతనికి తోచలేదు.

దుకాణం పైన, మొదటి అంతస్తులో, కీళ్ళ క్లినిక్కు. దాని కిటికీ సరిగ్గా అతని పనిబల్లకి ఎదురుగా ఉంటుంది. కొత్తగా ఒక డాక్టరు వచ్చాడని విన్నాడు. ఆ కబురుతో తనకేం పని అనుకున్నాడు.

వానలు మొదలయ్యాక పనిబడింది.

ఒక వాన రోజు పెళ్ళి మాట అడిగేద్దామనుకున్నాడు. ఏమడగాలో కూడా బల్ల దగ్గర కూచుని మనసులో రాసుకున్నాడు. నాలుగైంది, కేకు రాలేదు. ఎవరో పెద్దాయన కోసం లావుపాటి అద్దాలు పేర్చిన పరీక్ష ఫ్రేము చేతిలో ఉంది. ఊరికే తన ముక్కు మీద పెట్టుకుని తలెత్తాడు. అంతా మసక. ఫ్రేము కాస్త కిందికి దించి పైనుంచి చూశాడు.

పై కిటికీలో కేకులమ్మాయి కుర్చీలో కూచుంది. ఎదురుగా తెల్లకోటు. పొడుగ్గా ఉన్నాడు, జుట్టు ఒత్తుగా ఉంది, దేవుడు ఒక్కడికే అన్నీ ఇవ్వకూడదు. ఆ తెల్లకోటు ఆమె చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఒక్కో వేలూ, ఒక్కో కణుపూ, తొందరేం లేదన్నట్టు మెల్లగా నొక్కుతూ పోయాడు. తర్వాత అరచేతిని అడ్డంగా పట్టుకుని సుతారంగా పిండాడు. రెండో చేతికి కూడా అదే మర్యాద జరిగింది.

ఆమె కిటికీలోంచి బయటికి చూసి ఫక్కున నవ్వింది. తర్వాత తల దించుకుంది.

సిగ్గు! అనుకున్నాడతను. కడుపులో ఎవరో కుంపటి రాజేశారు. బయట వాన దంచి కొడుతోంది కానీ ఒక్క చుక్క కూడా అక్కడిదాకా రాలేదు.

కాసేపటికి ఆమె గొడుగు లేకుండా వీధి దాటి పరుగున వచ్చింది. కొంగు చాటున పళ్ళెం.

"ఆలస్యమైంది. పిండి సరుకు వాళ్ళతో మాట్లాడి వస్తున్నా."

"పిండి వాళ్ళా?"

"ఊఁ."

"తెల్లగానే ఉంటారులే పిండి వాళ్ళు. కోటు కూడా తెల్లదే."

ఆమె ముఖంలో రంగు మారింది. "ఏంటలా మాట్లాడుతున్నావ్?"

"ఇవాళ నాకు తీపి వద్దు."

"వద్దంటే చెత్తబుట్టలో వేసుకో," అని పళ్ళెం కౌంటరు మీద పెట్టి, వచ్చినంత వేగంగానే వెళ్ళిపోయింది.

అక్క వెనక గదిలోంచి వచ్చింది. పళ్ళెం తీసుకుని తింటూ కూచుంది. "బాదం వేసింది. నీకిష్టమని. ఏమైందిరా?"

"ఏమీ కాలేదు. ఆ పిల్ల చెయ్యి ఆ డాక్టరు పట్టుకుని కూచున్నాడు."

"డాక్టరు చెయ్యి పట్టుకోకపోతే కాలు పట్టుకుంటాడా? అయినా నువ్వెవరివి? అన్నవా, మొగుడివా? కందకి లేని దురద కత్తిపీటకెందుకు?"

"నాడి చూడ్డానికి ఒక వేలు చాలు. వాడు పది వేళ్ళూ చూశాడు."

"లెక్కపెట్టావన్నమాట," అంది అక్క, వేళ్ళు నాకుతూ.

ఆ తర్వాత అతనికి చూపు బాగా పెరిగింది. ఆమె ఎప్పుడు మెట్లెక్కుతోందో తెలుసు. ఎప్పుడు దిగుతోందో తెలుసు. ఒకసారి దుకాణం బయట ఫోనులో మాట్లాడుతుంటే, "పొద్దున కళ్ళు తెరవగానే మొదట మీ మాటే గుర్తొస్తుంది డాక్టర్ గారూ," అని చెవిన పడింది. ఇంకేం కావాలి? అతనికి ఆ రాత్రి పచ్చి మంచినీళ్ళు కూడా దిగలేదు.

అగ్నికి ఆజ్యం పోయడానికన్నట్టు, ఒక మధ్యాహ్నం ఆ డాక్టరే స్వయంగా షాపులోకి నడిచొచ్చాడు.

"కంప్యూటర్ ముందు కూచుంటే తలనొప్పి వస్తోందండీ. కళ్ళు చూస్తారా?"

అతను చూశాడు. ఒక్కో కంటిలోకి దీపం వేసి, అవసరమైన దానికంటే కాస్త ఎక్కువసేపే చూశాడు. లోపల ఎక్కడైనా ఆమె కనిపిస్తుందేమోనని కాబోలు. తర్వాత ఫ్రేము ఎంచే ఘట్టం. అమ్ముడుపోక మూల పడున్న డబ్బా ఒకటుంది. అందులోంచి ఇటుకరాయి రంగులో, కిటికీ చట్రమంత లావున్నది తీశాడు.

"మీ ముఖానికి ఇదే సరిపోతుంది."

డాక్టరు పెట్టుకున్నాడు. ఆ ముఖం మీద అది ఎంత అందంగా కూచుందంటే, అక్క చూసి, "అబ్బ! పోస్టరులో హీరోలా ఉన్నారండీ!" అనేసింది.

"అక్కా, మిషను ఆపేశావా?" అన్నాడతను పళ్ళ బిగువున.

డాక్టరు అద్దంలో చూసుకుని మురిసిపోయి, వెళ్ళబోతూ ఆగాడు. "మిమ్మల్నొకటి అడగాలి. మా పరిశోధనకి మీలాంటివాళ్ళు కావాలి."

"ఎలాంటివాళ్ళు?"

"ఏ జబ్బూ లేనివాళ్ళు. ఇంట్లో ఎవరికీ కీళ్ళవాతం లేనివాళ్ళు. కాస్త రక్తం ఇచ్చి, చేతులు చూపిస్తే చాలు. పోల్చి చూడ్డానికి."

"పోల్చి చూడ్డానికా? ఎవరితో?"

"పైకి రండి, చెప్తాను."

మరొకడైతే వెళ్ళడు. కానీ ఆ గదిలోకి అడుగుపెట్టే దారి దొరకాలే గానీ, రక్తమేం ఖర్మ, కిడ్నీ అడిగినా ఇచ్చేట్టున్నాడతను. మర్నాడే మెట్లెక్కాడు.

నర్సు మోచేతి దగ్గర సూది గుచ్చి రక్తం తీసింది. తర్వాత కిటికీ పక్క కుర్చీలో కూచోబెట్టింది. ఆ కుర్చీ! చేతులాన్చుకునే చోట చెక్క నున్నగా అరిగిపోయి ఉంది. అతను దాన్ని శత్రువుని చూసినట్టు చూశాడు.

డాక్టరు ఇటుకరాయి కళ్ళజోడుతో వచ్చి ఎదురుగా కూచున్నాడు. ఏమీ చెప్పకుండా అతని కుడిచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఒక్కో వేలూ, ఒక్కో కణుపూ, తొందరేం లేదన్నట్టు మెల్లగా నొక్కుతూ పోయాడు.

"నొప్పుందా?"

అతను నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"ఇక్కడ?" అరచేతిని అడ్డంగా పట్టుకుని సుతారంగా పిండాడు డాక్టరు.

"మీరు... అందరి చేతులూ ఇలాగే పట్టుకుంటారా?"

"ఇంకెలా పట్టుకుంటాం? ఇక్కడ పిండితే నొప్పి పుట్టిందంటే లోపల వాపు మొదలైందేమోనని అనుమానం. పైకి కనపడకముందే వేళ్ళు చెప్పేస్తాయి. పొద్దున లేవగానే చేతులు బిగుసుకుని ఉంటున్నాయా? ఎంతసేపు? కళ్ళు తెరవగానే మొదట ఇదే గమనించుకోమని అందరికీ చెప్తుంటాను."

కళ్ళు తెరవగానే మొదట. అతని చెవులు వేడెక్కాయి.

"ఎందుకండీ ఇదంతా?"

డాక్టరుకి ఆ ప్రశ్న ఇష్టమైనట్టుంది. "రుమటాయిడ్ అని ఒక కీళ్ళ జబ్బుంది. మన ఒంటిని కాయాల్సిన సైన్యం దారితప్పి మన కీళ్ళ మీదికే వస్తుంది. ఇంట్లో ఒకరికి ఉంటే, వాళ్ళ పిల్లలకీ తోబుట్టువులకీ వచ్చే అవకాశం మిగతావాళ్ళకంటే ఎక్కువ. ఆ సైన్యం రాకముందే, కొందరిలో ఏళ్ళ ముందే, రక్తంలో గూఢచారులు తిరుగుతుంటారు. యాంటీబాడీలు. ఈ పరీక్ష వాళ్ళని పట్టుకుంటుంది."

"పట్టుబడితే యుద్ధం వచ్చినట్టేనా?"

"అదే చెప్పలేం. కొందరిలో గూఢచారులు వచ్చి కూచుంటారు, యుద్ధమే రాదు. కొందరిలో వస్తుంది. ఎవరికి వస్తుందో ముందుగా పసిగట్టగలమా అనే మా తంటాలన్నీ. పసిగడితే తొందరగా మందు మొదలుపెట్టొచ్చు. వేళ్ళు వంకరపోకుండా కాపాడుకోవచ్చు."

వేళ్ళు వంకరపోవడం అనగానే అతనికి కేకు పెట్టెని మణికట్ల మధ్య పట్టుకునే ఆ పెద్దావిడ కనిపించింది.

"కింద కేకుల దుకాణం అమ్మాయి..."

"ఒకరి విషయం ఇంకొకరికి చెప్పకూడదండీ," అన్నాడు డాక్టరు మెత్తగా. "ఆవిడనే అడగండి."

అతను తల తిప్పుకున్నాడు. కిటికీ అవతల తన షాపు. తన పనిబల్ల, తన స్టూలు, బల్ల దీపం, అన్నీ స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఈ కుర్చీలో కూచున్నవాళ్ళకి ఎదురుగా ఉండే బొమ్మ అతనే. ఆ రోజు ఆమె నవ్వింది డాక్టరుని చూసి కాదు. మూడు వరసల లావుపాటి అద్దాలు ముక్కు మీద పెట్టుకుని గుడ్లగూబలా గుడ్లప్పగించిన తనని చూసి.

ఆ సాయంత్రం దుకాణం మూసే వేళకి వెళ్ళాడు. ఆమె ఒక్కతే వెనక వంటగదిలో గిన్నెల అంచుకి అంటిన క్రీము గీకుతోంది.

"ఇవాళ ఆ డాక్టరు నా చెయ్యి పట్టుకున్నాడు," అన్నాడు.

"ఏంటీ?"

"రెండు చేతులూ. పది వేళ్ళూ. నాకేమీ అనిపించలేదు. నీకు?"

ఆమెకి నవ్వొచ్చింది. సగం నవ్వాక సంగతి అర్థమై ఆగిపోయింది. "నువ్వక్కడికెందుకెళ్ళావు?"

"అనుమానంతో. ఈర్ష్యతో. ఇంకా ఏవైనా ఉంటే అవి కూడా కలుపుకో."

ఆమె గరిట గిన్నెలో పెట్టేసింది. చేతులు తుడుచుకుంది. తుడిచిన చేతుల్నే మళ్ళీ తుడుచుకుంది.

"అమ్మకి రాబట్టి నన్ను చూస్తున్నారు. రెండు రకాల యాంటీబాడీలు చూస్తారు. నాకు రెండూ ఉన్నాయి. సీసీపీ అనేది బాగా ఎక్కువుంది. ఇప్పటికైతే వాపు లేదు, నొప్పి లేదు. రావచ్చు. రాకపోవచ్చు. రావడానికే ఎక్కువ వీలుందట."

"ఎప్పుడు తెలిసింది?"

"వానలకి ముందే."

"అంటే ఇన్నాళ్ళూ డాక్టరుకి తెలుసు. నర్సుకి తెలుసు. ఆ గది ఊడ్చే ఆయాకి కూడా తెలిసే ఉంటుంది. నాకు మాత్రం పిండి వాళ్ళ కథ చెప్పావు."

"దీనిక్కూడా ఈర్ష్యేనా?"

"ఇదే అసలు ఈర్ష్య. చెయ్యి పట్టుకున్నందుకు కాదు. నీ భయం వాడి దగ్గర పెట్టావు, నా దగ్గర కేకు ముక్కలు పెట్టావు."

ఆమె కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచింది. అలా తుడవకూడదని ఎన్నిసార్లో చెప్పాడు. ఇప్పుడు చెప్పలేదు.

"మా నాన్న రోజూ పొద్దున్నే అమ్మకి హుక్కులు పెట్టేవాడు. తల దువ్వి జడ వేసేవాడు. కాఫీ గ్లాసు పట్టించేవాడు. ఒక్కరోజు కూడా విసుక్కోలేదు. అదే నాకు భయం. విసుక్కుని ఉంటే, ఏమో, ఇంకొకరి మీద ఆ బరువు పెట్టడం సులువయ్యేదేమో. నువ్వు కూడా విసుక్కోవు. ఆ రకమే నువ్వు. అందుకే వద్దు."

"నేనింకా ఏమీ అడగలేదు."

"అడగబోతున్నావని ఈ వీధిలో అందరికీ తెలుసు. అడగకు. రేపట్నుంచి నాలుగింటికి కేకు రాదు."

రాలేదు.

కేకు రాని సాయంత్రాలు ఎంత పొడుగ్గా ఉంటాయో అతనికి తెలిసొచ్చింది. ఇప్పుడు అసూయకి డాక్టరొక్కడే చాలలేదు. ఆమె చేతిమీదుగా పెట్టె అందుకున్న ప్రతివాడి మీదా కళ్ళలో నిప్పులు పోసుకున్నాడు. పుట్టినరోజు కేకుకి ఏనుగు బొమ్మ కావాలని పేచీ పెట్టి, ఆమెచేత బుగ్గ గిల్లించుకున్న అయిదేళ్ళ పిల్లాడి మీద కూడా. ఆ పిల్లాడు కళ్ళజోడు కోసం వస్తే ఇటుకరాయి రంగుదే ఇస్తానని అక్కతో అన్నాడు.

"ముందు నీ బుర్రకి ఒక జత చేయించు," అంది అక్క.

ఒకనాడు డాక్టరు పైకి పిలిచాడు.

"మీ ఫలితం వచ్చింది. సీసీపీ లేదు. రుమటాయిడ్ ఫ్యాక్టర్ అనేది మాత్రం కాస్త పాజిటివ్ వచ్చింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో కూడా అప్పుడప్పుడూ ఉంటుంది. మీకు ఏ లక్షణమూ లేదు. కంగారు పడాల్సిందేమీ లేదు."

ఇందులో అతను విన్నది ఒకటే మాట. పాజిటివ్.

ఆ రాత్రంతా కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకున్నాడు. పొద్దున కళ్ళు తెరవగానే గుప్పిట ముడిచి చూసుకున్నాడు. ముడుచుకుంది. మళ్ళీ చూసుకున్నాడు. బొటనవేలు బరువుగా ఉందా? నిన్న కూడా ఇలాగే ఉందా? పనిబల్ల దగ్గర నువ్వుగింజంత మర చేజారి కింద పడితే, అది మర తప్పా, వేలి తప్పా అని వంగకుండా అలాగే కూచుండిపోయాడు.

"అక్కా."

"ఊఁ."

"నా చేతులకి ఏదైనా అయితే, ఈ పని చెయ్యలేకపోతే..."

మిషను ఆగలేదు. అక్క తలెత్తలేదు. "మరలు నేను బిగిస్తా. నువ్వు కూచుని జనంతో వాగుతూ ఉండు. ఇప్పుడు చేసేదదే కదా."

అంతే అంది. జాలి పడలేదు, కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు, ఏమిటని అడగను కూడా లేదు. అతనికి మాత్రం గుండెల మీంచి ఎవరో బస్తా దించినట్టయింది. ఇంత చిన్న మాటకి ఇంత బలముంటుందని తెలీక, ఆ కేకుల వంటగదిలో నిలబడి ఈర్ష్య గురించి ఎంత పెద్ద ఉపన్యాసమిచ్చాడు!

ఆ సాయంత్రం మళ్ళీ వాన. వీధి దీపాల కింద చినుకులు ఎవరో జల్లెడ పట్టినట్టు రాలుతున్నాయి. తడిసిపోతూ వీధి దాటాడు. దుకాణం మూసేశారు. వెనక ఇంటి ముందుగదిలో ఆమె బల్ల దగ్గర కూచుని ఏదో తింటోంది. తల్లి పక్కన వాలు కుర్చీలో ఉంది.

"నాకు కూడా పాజిటివ్ వచ్చింది," అన్నాడు గుమ్మంలోంచే.

ఆమె ముఖం పాలిపోయింది. గబుక్కున లేచింది. "ఏది? సీసీపీనా? ఎంతుంది?"

"రుమటాయిడ్ ఫ్యాక్టర్. కాస్త."

"కాస్త ఆర్ఎఫ్. అంతేనా?"

"అంతే."

"సీసీపీ లేదా?"

"లేదు."

"చంపేశావు కదరా!" అని కుర్చీలో కూలబడింది. 'రా' అన్నదని ఆమెకి తెలీలేదు. తల్లికి తెలిసింది. ఆవిడ కిటికీలోంచి వానని చూడసాగింది. "ఆ మాత్రం చాలామందికి ఉంటుంది. నీకు ఇంట్లో ఎవరికీ లేదు, నొప్పి లేదు. దీనికే ముఖం ఇలా పీక్కుపోయిందా?"

"తెలుసు. డాక్టరు చెప్పాడు. నీదీ నాదీ ఒకటి కాదు. నీది పులి, నాది పిల్లి. ఆ పిల్లితోనే ఒక్క రాత్రి నిద్రపట్టలేదు నాకు. నువ్వు ఆ పులిని పక్కన పెట్టుకుని ఇన్ని నెలలు గులాబీలు చేశావు. నాలుగింటికల్లా ముక్క తెచ్చిపెట్టి, తీపి సరిపోయిందా అని అడిగావు."

ఆమె తన ముందున్న పళ్ళెం పక్కకి జరిపింది.

"నీకేమీ రాదులే అని చెప్పడానికి రాలేదు. అది నాకు తెలీదు, డాక్టరుకే తెలీదు. వస్తే మోస్తానని ప్రమాణాలు చెయ్యడానికీ రాలేదు. ఒకటే అడగడానికొచ్చాను. ఏదైనా మొదలైతే ఆ కబురు నాకు మొదట చెప్పు. డాక్టరుకి తర్వాత. నేను రెండోవాణ్ణి కాలేను. నా వల్ల కాదు. నా బుద్ధే అంత."

"ఇదేం పెళ్ళి అడగడం?" అంది ఆమె.

"నాకు వచ్చింది ఇదే."

అప్పుడు తల్లి వానమీంచి చూపు తిప్పింది. "అమ్మాయ్, మీ నాన్న నాకు జడ వెయ్యడం చూసి జాలిపడ్డావా ఇన్నాళ్ళూ?"

"అమ్మా..."

"ఆయనకి మొదట్లో జడ వెయ్యడం రాదు. ఎలక తోకలా వేసేవాడు. నీ జడ మీద నేర్చుకున్నాడు, నువ్వు బడికెళ్ళేటప్పుడు. నీకు నున్నగా వేసి నాకు వంకరగా వేస్తే నేను రెండ్రోజులు మాట్లాడలేదు. పెళ్ళాం కంటే కూతురెక్కువా అని దెబ్బలాడాను. ఆయన సంబరపడ్డాడు. ఇంకా నా కోసం కుళ్ళుకునే తీరికుందే నీకు అన్నాడు. బరువు ఆయనకి ఉండే ఉంటుంది, లేదనను. కానీ పొద్దున్నే ఆ దువ్వెన పట్టుకుని ఊళ్ళో కబుర్లన్నీ చెప్పేవాడే, ఆ కాసేపు నా జబ్బు నాకు గుర్తుండేది కాదు. ఆ కాసేపు నీకు వద్దంటే నీ ఇష్టం. ఆయన పేరు చెప్పి మాత్రం వద్దనకు."



ఆవిడ అతని వంక తిరిగింది. "తడిసి ముద్దయ్యావు. కూచో నాయనా. దానికి కోపం ఎక్కువ, తెలుసుగా?"

"తెలుసండీ. మొదటి రోజే తెలిసింది."

"నువ్వు కుళ్ళుమోతువట కదా. మీ అక్క చెప్పింది."

"అక్క ఇక్కడికి కూడా వస్తోందా?"

"కేకు రావడం ఆగిపోయాక తనే వచ్చి కొనుక్కు తింటోంది."

కేకులమ్మాయి నవ్వింది. నవ్వుతూనే ఆ నవ్వు ఎక్కడో తెగింది. రెండు చేతులూ బల్ల మీద పెట్టి, వాటిని వేరేవాళ్ళ చేతుల్లా చూసింది.

"ఇవాళ పొద్దున," అని ఆగింది.

అతను వచ్చి ఎదుటి కుర్చీలో కూచున్నాడు.

"ఇవాళ పొద్దున లేచేసరికి వేళ్ళు బిగుసుకుని ఉన్నాయి. గుప్పిట ముడవడం రాలేదు. పిండి కలుపుతూ ఉంటే మెల్లగా సర్దుకున్నాయి. క్రీము సంచి పట్టుకుంటే ఈ రెండు కణుపుల దగ్గర నొప్పి పుట్టింది."

తల్లి కళ్ళు మూసుకుంది.

"డాక్టరుకి చెప్పావా?" అన్నాడతను.

"లేదు. పొద్దుట్నుంచీ ఫోను చేతిలోకి తీసుకోవడం, పెట్టెయ్యడం. ఎందుకో ఆయనకి చెప్పబుద్ధి కాలేదు." ఆమె తలెత్తింది. "నీకే మొదట."

ఇంతకంటే పెద్ద కబురు ఆమె ఎప్పుడూ చెప్పలేదు, ఇంతకంటే పెద్ద భయం అతనికి ఎప్పుడూ కలగలేదు. అయినా, సిగ్గులేని మనసు, లోపల ఒక మూల చిన్న దీపం వెలిగించుకుంది. అతను కుర్చీ దగ్గరికి జరుపుకుని, ఆమె కుడిచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఎలా పట్టుకోవాలో తెలుసనుకున్నాడు. గట్టిగా నొక్కేశాడు.

"అంత గట్టిగా కాదు," అందామె. "ఇలా. ఈ కణుపు దగ్గర."

"నొప్పుందా?"

"ఉంది."

"ఇక్కడ?"

"అక్కడ లేదు."

"రేపు పొద్దున్నే ఇద్దరం పైకి వెళ్దాం. తొందరగా చూపిస్తే మందు తొందరగా మొదలవుతుందన్నాడు కదా."

"నువ్వెందుకు?"

"ఆయన నీ చెయ్యి పట్టుకుంటుంటే పక్కన కూచుని చూసుకోవద్దూ?"

"నీ బుద్ధి మారదు."

"మారితే నీకే బోరు."

"రేపు ఆయన నా చెయ్యి చూడగానే, వెంటనే నీ చెయ్యి కూడా చాపుతావేమో."

"చాపుతా. నాకూ పాజిటివే."

ఆమె మళ్ళీ నవ్వింది. ఈసారి నవ్వు తెగలేదు, కన్నీళ్ళు మాత్రం వాటి దారిన అవి వచ్చాయి. తుడుచుకోవడానికి చెయ్యి కావాలి, ఈలోగా రెండోది కూడా అతని చేతుల్లోకే చేరింది. వదలమని ఆమె అడగలేదు.

తల్లి వాలు కుర్చీలోంచి మెల్లగా లేచింది. లేవడానికి సాయం చెయ్యబోయిన అతన్ని కళ్ళతోనే వద్దంది. నెమ్మదిగా తన గదిలోకి నడిచింది. లోపలికి వెళ్ళాక, గొళ్ళెం చప్పుడు కాకుండా తలుపుకి మోచెయ్యి ఆనించి, మెల్లగా మూసుకుంది.